ఎఫిషియెన్సీ: నూటికి నూరు

మనిషి పని ఎగ్గొట్టడానికి కనిపెట్టిన మార్గాలన్నింటిలోకీ మర్యాదైనది కంప్యూటర్ సెట్టింగులు మార్చడం. పేకాడితే ఇంట్లో తిడతారు. పగలు పడుకుంటే పొరుగువాళ్లు ఆరోగ్యం గురించి ఆరా తీస్తారు. అదే, కళ్లజోడు ముక్కు చివరికి దించి, నొసలు చిట్లించి, తెర మీద ఒక గడిలో టిక్కు తీసి, కాసేపు ఆలోచించి, మళ్లీ పెట్టి కూర్చున్నామనుకోండి, "పాపం, పొద్దుటినుంచీ కుర్చీలోంచి లేవలేదు, కాస్త కాఫీ ఇచ్చిరా" అని లోపల్నించి మాట వినిపిస్తుంది. ఈ సూక్ష్మం గ్రహించిన దగ్గర్నుంచీ మా వీధిలో నాకు పనిమంతుడన్న పేరుంది. ఆ పేరు ఎలా వచ్చిందో, ఎలా పోయిందో చెప్పుకోవడమే ఈ వ్యాసం.

మాది నరసరావుపేట. వృత్తి పెళ్లి ఆల్బమ్ డిజైనింగ్. ఫోటోలు తీసేది నేను కాదు. చుట్టుపక్కల ఊళ్ల ఫోటోగ్రాఫర్లు పెళ్లి మొత్తాన్నీ ఒక హార్డ్ డిస్కులో పోసి పంపిస్తారు. ఇంటి ముందు గదిలో కూర్చుని, ఫోటోషాప్‌లో వాటిని పేర్చి, వెనక మబ్బులు, ముందు గులాబీలు, ఓ మూల రెండు పావురాలు పెట్టి, పెళ్లికూతుర్ని తామరపువ్వులో కూర్చోబెట్టి, షీట్లు చేసి ల్యాబ్‌కి పంపడం నా పని. వినుకొండ దాటి ఎరగని జంటల్ని స్విట్జర్లాండ్ మంచుకొండల ముందు నిలబెట్టిన చేతులివి. అలిగి పెళ్లికి రాని మేనమామని గ్రూప్ ఫోటోలో రెండో వరసలోకి చేర్చిన చేతులు కూడా ఇవే.

చూసేవాళ్లకి ఇదంతా తేలిగ్గా ఉంటుంది. మోసేది యంత్రం కదా, దానికి తెలుసు. ఆల్బమ్‌లో ఒక షీటంటే 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు. ప్రింటు బాగా రావాలంటే అంగుళానికి 300 చుక్కలు ఉండాలి. అంటే నిలువునా 3,600, అడ్డంగా 10,800. రెండూ హెచ్చవేస్తే 3 కోట్ల 88 లక్షల 80 వేల చుక్కలు. ఒక్కో చుక్కకి ఎరుపు, ఆకుపచ్చ, నీలం లెక్కన మూడు బైట్లు. ఇంకా ఏమీ అతికించని ఉత్త తెల్ల షీటే 111 మెగాబైట్లు దాటుతుంది. దాని మీద మబ్బులు ఒక లేయరు, గులాబీలు ఒక లేయరు, గులాబీల నీడ ఇంకో లేయరు, తలంబ్రాల బియ్యం ఒక లేయరు, మేనమామ ఒక లేయరు. ఫోటోషాప్ విండో అడుగున చిన్న అక్షరాల్లో రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది లేయర్లన్నీ కలిపి చదును చేస్తే ఉండే బరువు. రెండోది లేయర్లతో సహా ఇప్పుడున్న బరువు. నా షీట్లలో మొదటి అంకె ఎప్పుడూ 111.2 దగ్గర బుద్ధిగా కూర్చుంటుంది. రెండోది పెళ్లివారి హోదాని బట్టి గిగాబైట్లలోకి వెళ్తుంది.

తప్పు నా ఒక్కడిదే కాదని చెప్పుకోవడానికి కాస్త చరిత్ర కూడా తవ్వాను. థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు తయారుచేసిన ఫోటోషాప్ 1990 ఫిబ్రవరిలో బజారుకొచ్చింది. అప్పట్లో అందులో లేయర్లే లేవు. అతికిస్తే అతికించినట్టే. 1994లో మూడో వెర్షన్‌తో లేయర్లు వచ్చాయి. 1998లో ఐదో వెర్షన్ వచ్చేదాకా వెనక్కి వెళ్లాలంటే ఒక్క అడుగే వెళ్లగలిగేవారు. ఆ వెర్షన్‌లో హిస్టరీ ప్యాలెట్ పెట్టారు. అప్పట్నించీ డిజైనర్లకి పశ్చాత్తాపం బాగా చౌకైపోయింది. ఇవి రెండూ లేకపోతే నా కంప్యూటర్ ఇప్పటికీ పరుగులు తీస్తుండేది. నాకు మాత్రం ఉపాధి ఉండేది కాదు.

సరే, యంత్రం నెమ్మదించింది. బ్రష్ ఇప్పుడు లాగితే గీత కాసేపటికి వచ్చేది. సేవ్ కొడితే నీలం చక్రం తిరగడం మొదలెట్టేది. కారణం ఎక్కడుందా అని చూస్తే మొట్టమొదట కనబడింది నా కుటుంబం. మావాడు అందులో కారు రేసులాడతాడు. మా ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరు. ప్రశ్నపత్రాలు అందులోనే టైపు చేసుకుంటుంది. మా అమ్మ కంప్యూటర్ ముట్టుకోదు గానీ, దాని పక్కనే అగరొత్తులు వెలిగిస్తుంది. ముగ్గురికీ వేర్వేరుగా నోటీసులిచ్చాను. మావాడు "గేమ్ మూసేశాక అది ఎక్కడుంటుంది నాన్నా?" అని అడిగాడు. సమాధానం లేని ప్రశ్నలు అడిగే పిల్లల్ని చదువుకోమని పంపడం మన సంప్రదాయం. నేనూ పంపించాను.

ఆ తర్వాత విండోస్ మీద పడ్డాను. అందులో కిటికీలు తెరుచుకునే విన్యాసాలు, నీడలు, మెరుపులు అన్నీ ఒక్క దెబ్బతో తీసేసే ఏర్పాటుంది: అడ్జస్ట్ ఫర్ బెస్ట్ పెర్ఫార్మెన్స్. ఆ మాట చదివాక వెనక్కి తగ్గే మగాడెవరు? నొక్కేశాను. నీడలతోపాటు అక్షరాల అంచుల్ని నునుపుగా చూపించే సదుపాయం కూడా పోయింది. సాయంత్రం మా ఆవిడ వచ్చి ప్రశ్నపత్రం తెరిచి, "ఏవండీ, నా అక్షరాలకి చీమలు పట్టాయి" అంది. వేగం కోసం అందం వదులుకోవాలని చెప్పాను. "సరే, ఎంత వేగం పెరిగింది?" అంది. లెక్కల టీచర్‌ని చేసుకున్నవాడికి ఈ బాధ తప్పదు. విశేషణాలు చెల్లవు, అంకెలే కావాలి. నిజానికి ఆ నీడలు తీసేస్తే ఫోటోషాప్‌కి ఒరిగేదేమీ లేదు. కోట్లకొద్దీ పిక్సెళ్లు లెక్కపెట్టే ప్రోగ్రాంకి, పక్క కిటికీ మెల్లగా తెరుచుకుంటుందా, టక్కున తెరుచుకుంటుందా అన్న పట్టింపు ఉండదు. ఈ సంగతి నాకు అప్పుడే తెలుసు. అయినా చీమల్ని వారం పాటు అలాగే ఉంచాను. పరువు.

రెండో దండయాత్ర స్టార్టప్ ప్రోగ్రాముల మీద. కంప్యూటర్ లేవగానే తామూ లేచి కూర్చునే ప్రోగ్రాములు కొన్నుంటాయి. టాస్క్ మేనేజర్ తెరిచి, నాకు పేరు తెలియని ప్రతిదాన్నీ ఆపేశాను. తెలియనిదంతా అనవసరమేనన్న నమ్మకం ఇంట్లో నాకెప్పుడూ ఉంది. మర్నాడు పొద్దున్నే మా ఆవిడ చక్రవడ్డీ లెక్క ఒకటి తెలుగులో టైపు చేయబోతే, తెర మీద ఇంగ్లిషు అక్షరాలు, బ్రాకెట్లు, ఆశ్చర్యార్థకాలు వరసగా పడ్డాయి. నేను ఆపేసినవాటిలో తెలుగు కీబోర్డు ప్రోగ్రాం కూడా ఉందట. పదో తరగతి పిల్లలకి ఆ రోజు పరీక్ష చేత్తో రాసిన పేపరుతో జరిగింది. "ప్రశ్నపత్రం చేత్తో ఎందుకు రాశారు మేడం?" అని హెడ్మాస్టరు గారు అడిగితే, "మావారు కంప్యూటర్ వేగం పెంచారండి" అని చెప్పిందట. స్టాఫ్ రూములో నా కీర్తికి అది శంకుస్థాపన.

మూడోది కరెంటు. విండోస్‌లో పవర్ ప్లాన్ అని ఒకటుంది. మామూలుగా బ్యాలెన్స్‌డ్‌లో ఉంటుంది. పైన హై పెర్ఫార్మెన్స్ ఉంటుంది. దానికీ పైన, 2018 నుంచి అల్టిమేట్ పెర్ఫార్మెన్స్ అని ఇంకోటుంది; అది మామూలు కంటికి కనబడదు, ఒక కమాండ్ కొట్టి రప్పించాలి. దాచిపెట్టారంటే అందులో ఏదో ఉన్నట్టేగా! రప్పించాను. ఇక ప్రాసెసర్‌కి కునుకు లేదు. ఫ్యాను మోత పెరిగింది. అప్పుడు మే నెల. రెంటచింతల మా జిల్లాలోదే. ఆ పేరు వార్తల్లో వినిపించిందంటే ఎండలు ముదిరినట్టే. ముందు గదిలో మనుషులే కూర్చోలేని వేడి. ప్రాసెసర్ అనేది వంద డిగ్రీల దాపుకి చేరితే తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. ఆ పనికి థ్రాట్లింగ్ అని పేరు. నేను వేగంగా పరిగెత్తమని కొరడా తీసేసరికి అది వేడెక్కి కూలబడింది. బ్యాలెన్స్‌డ్‌లో ఉన్నప్పుడే కాస్త మెరుగ్గా ఉండేది.

వెనక్కి మార్చేస్తే సరిపోయేది. కానీ వెనక్కి మార్చడంలో మజా ఏముంది? డబ్బా మూత తీశాను. లోపల ఫ్యాను రెక్కలకీ, హీట్ సింక్ పళ్లకీ మధ్య బూడిదరంగు దుమ్ము పరుపుగా పేరుకుపోయి ఉంది. దాని మీద నల్లటి పొర. వాసన చూస్తే సాంబ్రాణి. ఎప్పటి కార్తీక మాసానివో ధూపాలన్నీ ప్రాసెసర్ మీదే స్థిరపడ్డాయి. మెత్తటి బ్రష్‌తో దులిపి, బ్లోయర్ పట్టించాను. నిజం చెప్పాలంటే, అంతవరకూ నేను చేసినవాటిలో పనికొచ్చింది ఇదొక్కటే. అది సెట్టింగు కాదు, శుభ్రం. ఆ పనినే మా అమ్మ ఎన్నాళ్లనుంచో చెబుతోంది: "ఒరే, ఆ డబ్బా ఓసారి తుడవరా." కాకపోతే ఆవిడ ఇంగ్లిషులో చెప్పలేదు, నేను వినలేదు.

దుమ్ము పోయినా ఎండ పోదు కాబట్టి కంప్యూటర్‌ని ఏసీ ఉన్న గదిలోకి మార్చాను. ఇంట్లో ఏసీ గది ఒక్కటే. అందులో పడుకునేది మా అమ్మ. రాత్రి పూట షీట్లు సేవ్ అవుతుంటే తెర వెలుగు ఆవిడ ముఖం మీద పడేది. రెండు రాత్రులు ఓర్చుకుంది. మూడో రోజు పొద్దున్నే చుట్టాలావిడతో ఫోన్‌లో, "మావాడు కంప్యూటర్‌కి ఏసీ పెట్టించాడమ్మా. దాంతోపాటు నన్నూ ఉండనిస్తున్నాడు, మంచివాడు" అంటుంటే విన్నాను. ఆ రోజే కంప్యూటర్ మళ్లీ ముందు గదికి వచ్చేసింది.

ఇక అసలు యుద్ధరంగం ఫోటోషాప్ లోపలే ఉంది: ప్రిఫరెన్సెస్, అందులో పెర్ఫార్మెన్స్ అనే పేజీ. కంప్యూటర్ మెమరీలో ఫోటోషాప్ ఎంత వాడుకోవచ్చో అక్కడ చెప్పాలి. మామూలుగా 70 శాతం ఉంటుంది. 5 శాతం చొప్పున మెల్లగా పెంచుకుంటూ చూడమని, 85 దాటించవద్దని తయారీదారుల సలహా. సలహా అన్నాక అది ఇతరుల కోసమే కదా. జరిపే మీట చేతికిచ్చి సగంలో ఆగమంటే ఎలా? 100కి లాగి వదిలాను. నా ఇంటి కంప్యూటర్, నా ఫోటోషాప్, మధ్యలో ఎవరు వాటా అడిగేది?

విండోస్ అడిగింది. మౌస్ బాణం అక్కడే ఆగిపోయింది. గడియారంలో నిమిషం మారలేదు. బటన్ నొక్కి పట్టుకుని ఆపేస్తే, సేవ్ చేయని అప్పగింతల షీటు గాల్లో కలిసిపోయింది. ఏమైందో మా ఆవిడకి చెబుతూ ర్యామ్, స్క్రాచ్ డిస్క్ అని వివరించబోయాను. ఆవిడ సగం విని, "ర్యామ్ అంటే వంటింటి గట్టు, స్క్రాచ్ డిస్క్ అంటే అటక. అంతేగా?" అంది. "గట్టంతా మీ కూరగాయలే పరిచేస్తే నేను పొయ్యి ఎక్కడ పెట్టుకోను? గట్టు మీద చోటు చాలకపోతే సామాను అటకెక్కిస్తాం. ప్రతి గరిటెకీ నిచ్చెనెక్కి దిగుతుంటే వంట ఆలస్యం కాక ఏమవుతుంది? ఇంతకీ అటక మీద ఏముంది?" అంది.

ఆ చివరి ప్రశ్న నాకు తట్టలేదు. చూద్దును కదా, నా స్క్రాచ్ డిస్క్ సీ డ్రైవే. విండోస్ ఉన్నదీ అక్కడే, ప్రోగ్రాములున్నదీ అక్కడే, మావాడి కారు రేసులున్నదీ అక్కడే. పైగా అది గుండ్రంగా తిరిగే పాతకాలం హార్డ్ డిస్కు. సెకనుకి నూరు, నూట యాభై మెగాబైట్లు చదివితే గొప్ప. ఎస్‌ఎస్‌డీ అయితే మామూలు సాటా రకమే 500 దాటుతుంది, ఎన్‌వీఎంఈ రకం వేలల్లోకి పోతుంది. రెండు గిగాబైట్ల షీటు ర్యామ్‌లో పట్టక డిస్కులోకి పొర్లితే, ఆ తిరిగే పళ్లెం మీద పడుతూ లేస్తూ వెళ్లాల్సిందే. రోగం ఇక్కడుంటే నేను నీడలు తీసేసి, తెలుగు అక్షరాలు తీసేసి, ముసలావిడ నిద్ర తీసేశాను.

అప్పుడు కొనుగోళ్ల ఘట్టం. మా ఆవిడ చీటీ పాడుకుని వాషింగ్ మెషిన్ కోసం దాచిన డబ్బుంది. ఒక ఎస్‌ఎస్‌డీ, మరో 16 జీబీ ర్యామ్ కొంటే ఆల్బమ్‌లు రెట్టింపు చేస్తానని, ఆ లాభంతో వాషింగ్ మెషిన్ రెండు నెలల్లో ఇంటి ముందు దిగుతుందని ఒప్పించాను. 16 జీబీది ఒక్కటి కాకుండా 8 జీబీవి రెండు కొనాలని చెప్పాను. జతగా వేస్తే ప్రాసెసర్ రెండు దారుల్లో ఒకేసారి అందుకుంటుంది, అందుకని వేగం. "జంటగా ఉంటేనే పని వేగంగా అవుతుందా? మనింట్లో అలా కనబడ్డం లేదే" అంది. కానీ డబ్బిచ్చింది.

వాటిని బిగించి, స్క్రాచ్ డిస్క్‌ని ఎస్‌ఎస్‌డీకి మార్చి, మెమరీని మళ్లీ 70 దగ్గర పెట్టగానే ఫోటోషాప్ తేరుకుంది. అక్కడితో ఆగి పనిచేసుకుంటే ఇల్లు బాగుపడేది. కానీ పేజీలో ఇంకా గడులున్నాయి. హిస్టరీ స్టేట్స్ ఉంది. ఎన్ని అడుగులు వెనక్కి పోవచ్చో చెప్పే అంకె. మామూలుగా 50. గరిష్ఠంగా 1,000 దాకా పెట్టుకోవచ్చు. తప్పు చేసేవాడికి 50 చాలు. ఎటూ తేల్చుకోలేనివాడికి వెయ్యి కావాలి. నేను వెయ్యి పెట్టాను. షీటు మొత్తం మీద ఒక ఫిల్టర్ వేసిన ప్రతిసారీ, మారిన భాగాన్నంతా ఫోటోషాప్ దాచిపెట్టుకుంటూ పోయింది. కొత్త ఎస్‌ఎస్‌డీ నా చంచలత్వంతో నిండిపోయి, స్క్రాచ్ డిస్కులు నిండాయి, ఇక నావల్ల కాదని ఒక డబ్బాలో రాసి చూపించింది. 20కి దించాను. ఇరవై అడుగుల వెనక ఏం చేశానో నాకు ఎలాగూ గుర్తుండదు.

క్యాష్ లెవెల్స్, క్యాష్ టైల్ సైజు గురించి ఎక్కువ చెప్పి విసిగించను. పాత వెర్షన్లలో వాటికి రెడీమేడ్ బటన్లుండేవి. లేయర్లు ఎక్కువగా ఉండే చిన్న ఫైళ్లకి టాల్ అండ్ థిన్, లేయర్లు తక్కువుండే పెద్ద ఫైళ్లకి బిగ్ అండ్ ఫ్లాట్. ఆ రెండో మాట చదువుతూ మావాడు నా బొజ్జ వైపు చూశాడు. నా షీట్లేమో పెద్దవీ, లేయర్లు బోలెడున్నవీ. వాటికి సరిపోయే బటన్ లేదు. లేదు కాబట్టే ఒక ఆదివారం మొత్తం రెండింటి మధ్యా ఊగిసలాడే భాగ్యం నాకు దక్కింది. లేయర్ల పక్కన కనిపించే చిట్టి బొమ్మలు తీసేశాను. ఫాంట్ల జాబితాలో నమూనా చూపించడం ఆపేశాను. పీఎస్‌డీ ఫైళ్లని కుదించకుండా సేవ్ చేసే గడిలో టిక్కు పెట్టాను. దాంతో సేవ్ తొందరగా అయింది గానీ, ఒక్కో ఫైలూ బాగా ఉబ్బింది. పీఎస్‌డీ 2 గిగాబైట్లు దాటితే సేవ్ కాదు, పీఎస్‌బీగా చేయాలి. పీఎస్‌బీ పంపితే ఫోటోగ్రాఫర్ ఫోన్ చేసి, "అన్నా, ఇదేదో వైరస్ వచ్చినట్టుంది" అన్నాడు.

ఇన్ని చేశాక తెర మీద ఎఫిషియెన్సీ అనే అంకె పెట్టించాను. ఫోటోషాప్ పనంతా ర్యామ్‌లోనే జరుగుతుంటే అది 100 చూపిస్తుంది. డిస్కు మీద ఆధారపడటం మొదలెడితే తగ్గుతుంది. నాకు ఆ సాయంత్రం 100 కనిపించింది. జీవితంలో ఏ పరీక్షలోనూ రాని మార్కులు. ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాను. మా అమ్మ దణ్ణం పెట్టింది, ఎందుకైనా మంచిదని. మా ఆవిడ మాత్రం కుర్చీ లాక్కుని, సేవ్‌కి ఇదివరకు ఎంతసేపు పట్టేది, ఇప్పుడెంత పడుతోంది అని అడిగింది. కొన్నవాటి సంగతి పక్కన పెట్టి, ఆ ఆదివారం చేసిన మార్పుల వల్ల సేవ్‌కి 8 సెకన్లు కలిసొచ్చాయని గర్వంగా చెప్పాను.

ఆవిడ నా బిల్లు పుస్తకం వెనక అట్ట మీద లెక్క వేసింది. "పొద్దున తొమ్మిదికి కూర్చుని సాయంత్రం ఆరింటికి లేచారు. తొమ్మిది గంటలు. గంటకి 3,600 చొప్పున 32,400 సెకన్లు. ఎనిమిదితో భాగిస్తే 4,050. అంటే ఇకమీదట మీరు 4,050 సార్లు సేవ్ కొట్టాక ఈ ఆదివారం తిరిగొస్తుంది. ఆ తర్వాత మిగిలేదే లాభం." నోట మాట రాలేదు. తరచుగా సేవ్ కొట్టే అలవాటున్నవాణ్నయినా బాగుండేది. అప్పగింతల షీటు ఎలా పోయిందో పైన చెప్పాను కదా.

ఇక్కడ ఇంకో నిజం ఉంది, అది మా వృత్తిలో అందరికీ తెలుసు. ఆల్బమ్ ఆలస్యమయ్యేది కంప్యూటర్ వల్ల కాదు. పెళ్లిలో వేల ఫోటోలు తీస్తారు. అందులోంచి కావాల్సినవి పెళ్లివారు ఏరి ఇవ్వాలి. అమ్మాయి ఏరితే అత్తగారికి తన ఫోటోలు తక్కువయ్యాయనిపిస్తుంది. అత్తగారు ఏరితే వియ్యపురాలికి జీలకర్రా బెల్లం దగ్గర తన తల తెగిందనిపిస్తుంది. అబ్బాయి హైదరాబాదులో ఉంటాడు, అందరివీ చూసి చివర్లో చెబుతానంటాడు, చెప్పడు. మధ్యలో ఆషాఢం వస్తుంది. పెళ్లి ఆల్బమ్ బారసాల నాటికి చేరడం మా దగ్గర వింతేమీ కాదు. ఆ నెలలన్నీ హార్డ్ డిస్కు నా బల్ల మీదే పడుంటుంది. నేను ఎనిమిది సెకన్లు ఆదా చేస్తుంటాను.

పోనీ ఆదా చేసిన ఆ కాస్తయినా నిలుస్తుందా? పాస్కల్ భాష సృష్టించిన నిక్లాస్ విర్త్ 1995లోనే చెప్పాడు: యంత్రాలు వేగం పుంజుకునేదానికంటే త్వరగా సాఫ్ట్‌వేర్ బరువెక్కిపోతోందని. ఆయన పెళ్లి ఆల్బమ్‌లు చూడలేదు గానీ, చూసినట్టే చెప్పాడు. నా కంప్యూటర్ తేరుకుందని తెలియగానే ఫోటోగ్రాఫర్ ఒకాయన 24 మెగాపిక్సెళ్ల కెమెరా తీసేసి 45 మెగాపిక్సెళ్లది కొన్నాడు. ఇంకొకాయన 61 మెగాపిక్సెళ్ల సోనీ గురించి వాకబు చేస్తున్నాడు. ఇదివరకు రెండు పావురాలతో సరిపెట్టుకున్న పెళ్లివారు ఇప్పుడు గుంపు అడుగుతున్నారు. అడగనివాళ్లకి నేనే పెడుతున్నాను. చోటుంది కదా.

అయినా కొన్నాళ్లపాటు వేగం వేగంగానే ఉంది. నా చిక్కంతా అక్కడే మొదలైంది. చక్రం తిరుగుతున్నంతకాలం నేను పనిలో ఉన్నట్టే లెక్క. కుళాయి కారుతోందంటే, "సేవ్ అవుతోంది, లేవకూడదు" అనేవాణ్ని. గ్యాస్ బుక్ చేయమంటే, "ఫిల్టర్ నడుస్తోంది" అనేవాణ్ని. చక్రాన్ని చూస్తూ కూర్చోవడం నైపుణ్యం కిందే చెల్లుబాటయ్యేది. ఇప్పుడు సేవ్ కొట్టగానే అయిపోతోంది. ఎఫిషియెన్సీ 100 అని తెర మీద తాటికాయంత కనిపిస్తుంటే ఏ సాకు చెప్పను? పైగా నేను హామీ ఇచ్చిన వాషింగ్ మెషిన్ రాలేదు. దానికి బదులు మా ఆవిడ ఒక ఏర్పాటు చేసింది: కంప్యూటర్ మిగిల్చిన టైము నాదే కాబట్టి, వాషింగ్ మెషిన్ వచ్చేదాకా ఆదివారం బట్టలు నావి. దుప్పట్లతో సహా.

మొదటి ఆదివారం దుప్పట్లు పిండుతుంటే, నెమ్మదైన కంప్యూటర్ అంత దయగల వస్తువు ఇంట్లో ఇంకోటి లేదని అర్థమైంది. దాని విలువ తెలియక దాన్ని బాగుచేసుకున్నాను.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఫోటోషాప్ తెరిచాను. ఇమేజ్ మెనూలో మోడ్ అని ఉంటుంది. అందులో 8 బిట్‌ని 16 బిట్ చేశాను. 8 బిట్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లు, 16లో వేలు. రంగులు మెత్తగా కలుస్తాయి, ఆకాశం చారలు పడదు. ల్యాబ్‌కి పంపేది జేపెగ్ కాబట్టి, జేపెగ్ పట్టుకునేది 8 బిట్లే కాబట్టి, నా ఆల్బమ్‌కి పెద్దగా ఒరిగేది లేదనుకోండి. కానీ నాణ్యత విషయంలో రాజీపడకూడదని నాకు హఠాత్తుగా అనిపించింది. హిస్టరీని కూడా కొంచెం పెంచాను. చూస్తుండగానే ఎఫిషియెన్సీ 100 నుంచి 80ల్లోకి దిగింది. చాలా రోజుల తర్వాత నీలం చక్రం తిరిగింది. హాయిగా పడుకున్నాను.

తర్వాతి ఆదివారం పొద్దున్నే కుర్చీలో కూర్చుని, కళ్లజోడు దించి, నొసలు చిట్లించి, లోపలికి వినబడేలా అన్నాను: "ఏమిటో, మెషిన్ మళ్లీ స్లో అయింది. ఇవాళంతా దీని సంగతే చూడాలి."

మా ఆవిడ వచ్చి నా వెనక నిలబడింది. తెర అడుగున ఉన్న చిన్న అక్షరాల వైపు వంగి చూసింది.

"తెల్ల షీటు ఎప్పుడూ 111.2 ఉంటుందని మీరే చెప్పారు. ఇవాళ 222.5 ఉందేంటి? సరిగ్గా రెట్టింపు" అంది. "దేన్ని రెట్టింపు చేశారో దాన్ని సగం చేసి రండి. బట్టలు నానబెట్టాను."